గుడ్డుతో కాకరకాయ: ఫిలిప్పీన్స్ వంటింట్లో చేదు సంగతి

అందరికీ నమస్కారం. ఈ ఉపన్యాసాల్లో ఒక్కొక్కరం ఒక్కో దేశం తీసుకుని, అక్కడి జనం ఇళ్ళలో మామూలుగా తినే కూర ఒకదాని గురించి చెప్పుకుందాం అనుకున్నాం. నా వంతుకు ఫిలిప్పీన్స్ వచ్చింది. ఆ పేరు వినగానే హోటళ్ళవాళ్ళు అడోబో అంటారు, వెనిగర్‌లో ఉడికించిన మాంసం కూర. పండగ ఫోటోల్లో అయితే నిప్పుల మీద తిప్పుతూ కాల్చిన పంది కనిపిస్తుంది. నేను వాటి జోలికి పోవడం లేదు. పండగా పబ్బం లేని రోజున, చేతిలో పెద్దగా డబ్బులు లేనప్పుడు, ఇంటికొచ్చి ఇరవై నిమిషాల్లో వండుకునే కూర గురించి మాట్లాడతాను. కాకరకాయ, కోడిగుడ్డు. అక్కడ దాన్ని గినిసాంగ్ అంపలయా అంటారు. అంపలయా అంటే మన కాకరకాయే.

(నవ్వులు)

నవ్వుతారని తెలుసు. కాకరకాయలో గుడ్డేమిటి అనే కదా? మా చెల్లెలి కొడుకు దావావ్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. మీలో కూడా చాలామంది పిల్లలు మనీలాలోనో సెబూలోనో చదువుతూ ఉంటారు. వాడు మొదటి ఏడాది ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఇక్కడ కాకరకాయని ఆమ్లెట్ చేసేశారు" అన్నాడు. ఆమ్లెట్ కాదు గానీ, వాడి బాధ నాకు అర్థమైంది. మనకి కాకరకాయ అంటే చింతపండు, బెల్లం, ఉల్లికారం. లేదంటే నూనెలో కరకరలాడేదాకా వేయించి పైన నువ్వులపొడి. చేదుకి ఎదురుగా పులుపునీ తీపినీ కారాన్నీ నిలబెట్టి ఓడిస్తాం. వాళ్ళు ఆ గొడవ పెట్టుకోరు. చేదుని కొంచెం తగ్గిస్తారు, మిగిలినదాన్ని అలాగే తింటారు. నేనివాళ చెప్పదలుచుకున్నదంతా ఈ తేడా చుట్టూనే ఉంటుంది.

ముందు కూర ఎలా చేస్తారో చూద్దాం. కాయని నిలువునా రెండుగా చీల్చి, లోపలి గింజల్నీ తెల్లటి మెత్తటి భాగాన్నీ చెంచాతో గీకేస్తారు. తర్వాత అడ్డంగా, అర్ధచంద్రాకారంలో పల్చగా తరుగుతారు. ముక్క మందం అగ్గిపుల్లంత ఉంటే సరిపోతుంది. ఉప్పు చల్లి, చేత్తో మెల్లగా పిసికి, పావుగంట పక్కన పెడతారు. ఆకుపచ్చ నీరు దిగుతుంది. దాన్ని పిండేసి, ముక్కల్ని ఒకసారి నీళ్ళలో జాడిస్తారు. మూకుడులో కాస్త నూనె, దాంట్లో దంచిన వెల్లుల్లి. వెల్లుల్లి రంగు మారాక ఉల్లిపాయ, ఆ తర్వాత టమాటా. ఇక్కడ తొందరపడకూడదు. టమాటా పూర్తిగా మెత్తబడి, గరిటెతో నొక్కితే రసంలా జారాలి. అప్పుడు కాకర ముక్కలు వేసి, చేప ఉప్పునీరు కొద్దిగా పోసి మూత పెడతారు. ఉప్పులో పులియబెట్టిన చేపల నుంచి వచ్చే ఆ నీటిని పతీస్ అంటారు. మూడు నాలుగు నిమిషాలు ఆగి, గిలకొట్టిన గుడ్లు పైనుంచి పోసి, అవి కాస్త గట్టిపడ్డాకే కలుపుతారు. మిరియాలపొడి చల్లి దించేస్తారు. పసుపు లేదు, కారం లేదు, పోపు గింజ ఒక్కటి లేదు. పక్కన అన్నం, వేయించిన చేప ఒకటి.

ముక్కలు వేశాక గుడ్డు పోసేదాకా గరిటె పెట్టకూడదని అక్కడి పెద్దవాళ్ళు గట్టిగా చెబుతారు. కలిపితే చేదెక్కుతుందట. కలపకపోతే పల్చటి ముక్క చితకదు, దాని రసం మిగతా కూరలోకి దిగదు. అది చాలు, నేను కూడా కలపను.

ఇప్పుడు కొంచెం సైన్స్. మన నాలుక మీద తీపిని పట్టుకునే గ్రాహకం ఒక్క రకమే ఉంటుంది. చేదుకి మాత్రం పాతిక రకాల దాకా ఉన్నాయి. ప్రకృతిలో విషాలు చాలావరకు చేదుగా ఉంటాయి కాబట్టి శరీరం ఆ తలుపు దగ్గర ఎక్కువ మంది కాపలాదారుల్ని పెట్టుకుందన్నమాట. కాకరకాయలో చేదంతా ట్రైటెర్పినాయిడ్లు అనే పదార్థాల వల్ల వస్తుంది. దోస, సొర జాతి మొక్కల్లో చేదు తెచ్చే కుకుర్బిటాసిన్లకి ఇవి దగ్గరి చుట్టాలు. ఉప్పులో ఉండే సోడియం రెండు పనులు చేస్తుంది. ముక్కలోంచి నీటిని లాగుతుంది, ఆ నీటితో చేదు కొంత పోతుంది. నాలుక మీద కూడా చేదు తెలిసే తీరుని మందగింపజేస్తుంది. పులియబెట్టిన చేపలో గ్లుటమేట్ ఉంటుంది. మాంసం పులుసుకీ పుట్టగొడుగులకీ ఉండే కమ్మదనం దాని వల్లే. అది కూడా చేదుని వెనక్కి నెడుతుంది. గుడ్డులోని కొవ్వు నాలుకకి పూతలా పడుతుంది. పంచదార లేకుండా చేదుని అదుపులో పెట్టాలంటే ఇంతకంటే తెలివైన పద్ధతి నాకు కనపడలేదు. షుగర్ ఉన్నవాళ్ళకి కాకరకాయ మంచిదని చెప్పి, అందులో నిమ్మకాయంత బెల్లం వేసే ఇళ్ళు మనకి తక్కువేం కాదు.

అయితే ఒక చిక్కుంది. పచ్చి కాకరకాయ 100 గ్రాముల్లో సుమారు 84 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలు చెబుతున్నాయి. ఉడికించి నీళ్ళు వంచేస్తే అది 33కి పడిపోతుంది. ఫోలేట్ అనే బి విటమిన్ 72 మైక్రోగ్రాముల నుంచి 51కి వస్తుంది. రెండూ నీళ్ళలో కరిగేవే. కాబట్టి ఉప్పు పెట్టి పిండిన ఆ ఆకుపచ్చ నీటితో చేదొక్కటే పోవడం లేదు. పావుగంట ఉంచి ఒకసారి పిండితే పరవాలేదు. గంటసేపు నానబెట్టి, మూడుసార్లు పిండి, పైగా ఉడికించి వార్చితే మిగిలేది పీచు. అలాంటప్పుడు కాకరకాయే ఎందుకు, బీరకాయ వండుకోవచ్చు. ఫిలిప్పీన్స్‌లో పచ్చి ముక్కలకే ఉప్పు పట్టించి పిండి, టమాటా, ఉల్లిపాయ, వెనిగర్ కలిపి సలాడ్‌లా తినే అలవాటు కూడా ఉంది. విటమిన్ సి కోసమైతే అదే మేలు.

ఈ కూరలో దినుసులు ఒక్కచోటివి కావు. కాకర ఆసియాలో ఎన్నో శతాబ్దాలుగా సాగులో ఉన్న తీగ. టమాటా అమెరికా ఖండంది. స్పెయిన్ పాలనలో, 1565 నుంచి 1815 దాకా మెక్సికోలోని అకపుల్కోకీ మనీలాకీ మధ్య ఓడలు తిరిగేవి. అటువైపు పంటలు చాలా ఆ దారినే ఇక్కడికి చేరాయి. వెల్లుల్లి, ఉల్లి, టమాటా వరసగా వేయించి దాని మీద కూర వేసే పద్ధతి స్పెయిన్‌వాళ్ళ నుంచి వచ్చింది. చేప ఉప్పునీరు ఆ ద్వీపాలదే.

స్పెయిన్‌వాళ్ళ పద్ధతి అంటని కాకర వంటకం కావాలంటే ఉత్తరానికి పోవాలి. లుజోన్ ద్వీపానికి వాయవ్యంలో ఇలోకోస్ అనే ప్రాంతం ఉంది. ఒకపక్క కోర్దిలేరా కొండలు, ఇంకోపక్క సముద్రం, మధ్యలో సన్నటి నేల. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన అంతంతమాత్రం. అక్కడ పొగాకు, వెల్లుల్లి బాగా పండుతాయి. అక్కడి జనాన్ని ఇలొకానోలు అంటారు, పొదుపరులనీ కష్టజీవులనీ వాళ్ళకి దేశమంతా పేరు. పిసినారులని వేళాకోళం కూడా చేస్తారనుకోండి. వాళ్ళ కూర పినక్‌బెట్. పెరట్లో ఏముంటే అది: వేలెడంత గుండ్రటి కాకరకాయలు, చిన్న వంకాయలు, బెండకాయలు, టమాటా, ఒక్కోసారి చిక్కుడు గింజలు. చిన్న కాకరకాయని ముక్కలు చెయ్యరు. మనం గుత్తివంకాయకి పెట్టినట్టే గాటు పెట్టి, కాయ విడిపోకుండా అలాగే వేస్తారు.

మట్టికుండలో కాసిని నీళ్ళు, అల్లం, బగోంగ్. బగోంగ్ అంటే ఉప్పులో పులియబెట్టిన చేప. మూడు పాళ్ళు చిన్న చేపలకి ఒక పాలు ఉప్పు కలిపి నెలల తరబడి జాడీల్లో ఉంచుతారు. ఇలోకోస్‌కి దక్షిణాన లింగాయెన్ తీరం దీనికి పేరుమోసిన చోటు. పైకి తేలిన పల్చటి నీరే ఇందాక చెప్పిన పతీస్, కింద చిక్కగా మిగిలింది బగోంగ్. కూరలన్నీ పొరలుగా పేర్చి మూత పెట్టి సన్నటి సెగ మీద ఉంచుతారు. ఇక్కడా గరిటె పెట్టరు. కుండ చెవులు గుడ్డతో పట్టుకుని ఎగరేసినట్టు కుదుపుతారు. కూరలు ముడతలు పడి, నీరు అడుగుకి వచ్చేదాకా అంతే. నూనె చుక్క లేకుండా కూడా చేస్తారు. కాస్త కలిగినవాళ్ళు పైన బాగా వేయించిన పంది మాంసం నాలుగు ముక్కలు వేసుకుంటారు, అక్కడ దాన్ని బగ్నెట్ అంటారు.

మనీలా వైపు వాళ్ళు ఇదే కూరలో గుమ్మడికాయ వేసి, చేపకి బదులు రొయ్యపొట్టు ముద్ద వాడి, నూనెలో వేయించి చేస్తారు. కూర తియ్యగా అయిపోతుంది. ఇలొకానోలకి అది మింగుడుపడదు. బిర్యానీలో బంగాళదుంప వేశామంటే హైదరాబాదీ మొహం ఎలా పెడతాడో వీళ్ళదీ అంతే. నేను ఇలొకానోల పక్షమే. గుమ్మడికాయ పడ్డాక ఆ కూరకి కాకరకాయ పెద్దరికం పోతుంది.

ఈ ఇలొకానోలు 1906 డిసెంబరులో పదిహేను మంది, డోరిక్ అనే ఓడెక్కి హవాయి చెరకు తోటల్లో కూలికి వెళ్ళారు. తర్వాతి నలభై ఏళ్ళలో ఫిలిప్పీన్స్ నుంచి లక్షమందికి పైగా అదే దారి పట్టారు, వాళ్ళలో ఇలొకానోలదే పెద్ద సంఖ్య. హవాయిలో ఇవాళ్టికీ ఫిలిపినో పెరళ్ళలో కాకర పందిరి కనబడుతుంది. అక్కడ దాన్ని ఇలొకానో భాషలో లాగే పర్యా అంటారు.

కాకరకాయ మీద ఫిలిప్పీన్స్ పిల్లలకి ఒక కథ చెబుతారు. పూర్వం కూరగాయలన్నీ ఒక ఊళ్ళో ఉండేవట. వంకాయకి నిగనిగలాడే ఊదారంగు, టమాటాకి ఎరుపు, గుమ్మడికి తీపి, ముల్లంగికి తెలుపు. అంపలయాకి ఏమీ లేదు. అసూయతో రాత్రిపూట అందరి అందాలూ దొంగిలించి తనే వేసుకుంది. ఊరంతా ఆశ్చర్యపోయింది, చివరికి దొరికిపోయింది. శిక్షగా దేవత ఆ దొంగసొత్తంతా దాని ఒంట్లోనే ఉంచేసింది. రంగులన్నీ కలిసి ముదురు ఆకుపచ్చ అయ్యాయి. నునుపూ గరుకూ కొట్లాడుకుని చర్మం ముడతలు పడింది. రుచులన్నీ పోట్లాడుకుని చేదుగా తేలాయి. మన కథల్లో కాకరకాయకి ఇంత పెద్ద వేషం నేనెక్కడా చూడలేదు. ఇప్పటి కుర్రకారు అయితే, విడిపోయిన ప్రేమికురాలి మీద ఏళ్ళ తరబడి కారాలు మిరియాలు నూరేవాణ్ణి అంపలయా అని ఏడిపిస్తారు.

(నవ్వులు)

సరే, పోషకాల లెక్కకి వద్దాం. నలుగురికి కూర అనుకోండి. శుభ్రం చేసిన కాకరకాయ 400 గ్రాములు, గుడ్లు మూడు, టమాటాలు రెండు, ఉల్లిపాయ ఒకటి, నూనె రెండు పెద్ద చెంచాలు, పతీస్ ఒక పెద్ద చెంచా. ఒక్కొక్కరికి 140, 150 కేలరీలు వస్తాయి. అందులో కాకరకాయ వాటా పదిహేడే. మిగతాదాంట్లో ఎక్కువభాగం నూనె, గుడ్లది. ప్రొటీన్ ఆరు గ్రాములు, పీచు మూడు గ్రాములకి పైనే. గుడ్డు వేయకపోతే ప్రొటీన్ రెండు గ్రాములు కూడా దాటదు. గుడ్డుతో బి12 కూడా వస్తుంది, అది ఏ కూరగాయలోనూ దొరకదు. అన్నం ఒక కప్పు పెట్టుకుంటే ఇంకో 200 కేలరీలు. కాబట్టి కూర తక్కువ కేలరీలదని సంబరపడి అన్నం రెండోసారి పెట్టించుకుంటే లెక్క తారుమారవుతుంది.

అసలు జాగ్రత్తపడాల్సింది ఉప్పు దగ్గర. ఒక పెద్ద చెంచా చేప ఉప్పునీటిలో సుమారు 1,400 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్ళు రోజు మొత్తానికి 2,000 లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నలుగురికి పంచితే 350 చొప్పున పడుతుంది, అది పరవాలేదు. కానీ ముక్కలకి పట్టించిన ఉప్పు సరిగ్గా కడగకపోతే అది అదనం. పక్కన ఎండు చేపో ఉప్పు చేపో ఉంటే ఇంకా అదనం. పినక్‌బెట్‌లో బగోంగ్ చేతికొచ్చినంత వేస్తారు. బీపీ ఉన్నవాళ్ళకి పినక్‌బెట్ ఆరోగ్యకరమైన కూరల వంటకం అని చెప్పేముందు ఆ చెయ్యి ఎంత పెద్దదో అడగాలి. అక్కడి ఆహార, పోషణ పరిశోధన సంస్థ 'పింగాంగ్ పినోయ్' అనే పళ్ళెం బొమ్మతో ప్రచారం చేస్తుంది. పళ్ళెంలో సగం కూరలూ పళ్ళూ ఉండాలంటుంది. ఈ కూర ఆ సగంలో హాయిగా కూర్చుంటుంది, ఉప్పు అదుపులో ఉన్నంతవరకు.

ఇక మీరంతా ఎదురుచూస్తున్న సంగతి, షుగర్. మనకో సామెత ఉంది కదా, కాకరకాయ అనేవాడు కాలేజీకి వెళ్ళొచ్చి కీకరకాయ అన్నాడని. ఫిలిప్పీన్స్‌లో కూడా పెరట్లో కాకరకాయ కాస్తా చదువుకుని క్యాప్సూల్ అయింది, టీ పొడి అయింది. దాని వెనక ప్రభుత్వం చెయ్యి కూడా ఉంది. 1990ల మొదట్లో హువాన్ ఫ్లావియర్ ఆరోగ్య మంత్రిగా ఉన్నప్పుడు ఆ శాఖ పది ఔషధ మొక్కల్ని ప్రోత్సహించింది. వెల్లుల్లి, జామ ఆకు, వావిలి జాతికి చెందిన లగుండీ, వీటితోపాటు అంపలయా. ఉద్దేశం మంచిదే. మందులు కొనలేని పల్లెవాసులకి అందుబాటులో ఉన్నది వాడుకోమని.

పరీక్ష పెట్టినప్పుడు ఏమైంది? మనీలాలోని ఫిలిప్పీన్ జనరల్ హాస్పిటల్‌లో 40 మంది షుగర్ రోగుల మీద కాకర క్యాప్సూళ్ళు మూడు నెలలు వాడి చూశారు. సగం మందికి అసలు క్యాప్సూల్, సగం మందికి ఉత్త క్యాప్సూల్. ఫలితాలు 2007లో ప్రచురించారు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీలో తేడా 0.22 శాతం పాయింట్లు. అంత చిన్న తేడా కాకతాళీయంగా కూడా రావచ్చు, రుజువు కింద లెక్కకి రాదు. 2011లో థాయ్‌లాండ్‌లో నాలుగు వారాల పరీక్ష జరిగింది. రోజుకి 2,000 మిల్లీగ్రాముల కాకర పొడి కొంత పని చేసింది గానీ, 1,000 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు చేసినంత చెయ్యలేదు. 2012లో, వైద్య పరీక్షల ఫలితాల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షకులు నాలుగు పరీక్షల్ని, మొత్తం 479 మందిని కలిపి చూసి, కాకరని మందుగా సిఫారసు చెయ్యడానికి ఆధారాలు చాలవన్నారు. పరిశోధనశాలలో, ఎలకల్లో కాకరలోని చరాంటిన్ లాంటి పదార్థాలు చక్కెర తగ్గించడం నిజమే. ఎలకకి ఇచ్చిన మోతాదు మన కంచంలోకి రాదు.

నా అభిప్రాయం అడిగితే, ఈ మందు పేరే కూరకి చేటు చేసింది. కాకరకాయని షుగర్ కోసం ముక్కు మూసుకుని మింగేవాళ్ళు ఉన్నారు. ఇష్టంతో తినేవాళ్ళు తగ్గుతున్నారు. గినిసాంగ్ అంపలయా తింటే షుగర్ ఎందుకు అదుపులో ఉంటుందంటే, పిండి పదార్థం తక్కువ, పీచు ఉంది, గుడ్డు ఉంది, బెల్లం లేదు. అన్నం కొంచెం తగ్గి కూర పెరుగుతుంది. ఇందులో మహత్యం ఏమీ లేదు, అయినా పనిచేస్తుంది.

ఆకు సంగతి కూడా చెప్పాలి. కాకర ఆకుల్ని మనం పెద్దగా వండం. వాళ్ళు పారెయ్యరు. శుక్రవారం నాడు, ముఖ్యంగా ఈస్టర్ ముందు ఉపవాసాల రోజుల్లో, కాథలిక్కులు మాంసం మానేస్తారు. ఆ రోజు చాలా ఇళ్ళలో పెసల కూర. పెసలు మెత్తగా ఉడికించి, వెల్లుల్లి ఉల్లి టమాటా వేయించి కలిపి, దించేముందు గుప్పెడు కాకర ఆకులో, మునగాకో వేస్తారు. ఆకు 100 గ్రాముల్లో రెండు మిల్లీగ్రాముల ఇనుము, ఐదు గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. కాయ కంటే ఇనుము నాలుగు రెట్లకి పైనే. మునగాకు పెసరపప్పు తిన్న నాలుకకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు. పెరట్లో కాకర పాదు ఉన్నవాళ్ళు లేత చిగుళ్ళతో ఒకసారి చేసి చూడండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

సభలో ఒకరు: మేడమ్, నేను రోజూ పరగడుపున ఒక గ్లాసు కాకర రసం తాగుతున్నాను. షుగర్ మాత్రలు కూడా వేసుకుంటాను. మానెయ్యమంటారా?

మాత్రలు మాత్రం మానకండి, అది మొదటి మాట. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుంటూ ఖాళీ కడుపుతో అంత రసం తాగితే చక్కెర మరీ పడిపోయి, చెమటలు పట్టి, కళ్ళు తిరిగే ప్రమాదం ఉంది. మీ డాక్టరుగారికి రసం సంగతి చెప్పారా? చెప్పలేదు కదా, రేపే చెప్పండి. గర్భిణులు రసం, గింజల పొడి జోలికి పోకూడదు. జీ6పీడీ లోపం, అంటే ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువ ఉన్నవాళ్ళు గింజలు తినకూడదు. వాటిలో వైసిన్ అనే పదార్థం ఉంటుంది, అది వాళ్ళ ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. మామూలుగా వండిన కూర వారానికి రెండు మూడుసార్లు తింటే చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు.

ఇంకొకరు: మేం గుడ్డు కూడా తినమండీ. చేప వాసన అసలే పడదు. మరి మాకెలా?

ఫిలిప్పీన్స్‌లోనే దీనికి దారి ఉంది. చైనా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ వల్ల అక్కడ సోయా వంటలు బాగా అలవాటు. గుడ్డు బదులు టోఫు ముక్కలు వేయించి వేస్తారు. టోఫు అయినా పనీర్ అయినా ముందు విడిగా ఎర్రగా వేయించి ఆఖర్న కలపండి, లేకపోతే కాకర నీటిలో మెత్తబడి చిదురవుతుంది. పతీస్ బదులు పులియబెట్టిన నల్ల సోయాగింజలు, అక్కడ తౌసీ అంటారు, పెద్ద సూపర్‌మార్కెట్లలో చైనీస్ సరుకుల దగ్గర డబ్బాల్లో దొరుకుతాయి. దొరక్కపోతే ఇంకో టమాటా ఎక్కువ వేసి, నాలుగు పుట్టగొడుగులు వేయించి కలపండి, ఆ కమ్మదనం కొంత వస్తుంది. తౌసీ వాడితే మాత్రం గింజల్ని ఒకసారి నీళ్ళలో కడిగి వెయ్యండి, కూర రుచి చూశాకే ఉప్పు డబ్బా తియ్యండి.